ఫైటు మధ్యలో రూల్ మీద పంచాయితీ వస్తే ఎలా తేల్చుకోవాలి

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడేటప్పుడు సత్రంలో బేరాలు, అడవిలో నడక, రాజుగారితో మాటలు అన్నీ సాఫీగానే సాగుతాయి. ఫైటులో ఎవరి వంతు ముందో తేల్చే ఇనిషియేటివ్ కోసం డైస్ వేయగానే మొదలవుతుంది అసలు పంచాయితీ. "అన్నా, ఆడు ఉరుకుతున్నడు, నేనొక దెబ్బ ఎయ్యొచ్చు గదా?" అని ఒకరంటారు. "నీ టర్న్ అయిపోయింది తమ్మీ" అని ఇంకొకరు. మూడో మనిషి ఫోన్ తీసి వెతకడం మొదలుపెడతాడు. ఆ వెతుకులాట అయ్యేసరికి గోబ్లిన్ అనే బుల్లి రాక్షసి ఏ గడిలో ఉందో కూడా ఎవరికీ గుర్తుండదు. హన్మకొండలోనో కాజీపేటలోనో ఆదివారం మధ్యాహ్నం నలుగురైదుగురు కూడి ఆడుకునేవాళ్ల కోసం, ముఖ్యంగా కొత్తగా డీఎంగా (కథ నడిపి, రాక్షసుల తరఫున ఆడి, తీర్పులు చెప్పే డంజియన్ మాస్టర్‌గా) కూర్చున్నవాళ్ల కోసం, ఈ గొడవలు తేల్చే పద్ధతి రాస్తున్నాను.

ఆ పద్ధతికి మూలం ఒక్కటే. రూల్‌లో ఎంత రాసి ఉందో అంతే జరుగుతుంది. మనకు సబబుగా తోచినదాన్ని అందులోకి తోసేయకూడదు. శత్రువును పట్టుకుంటే వాడు కత్తి తిప్పలేడు కదా అనిపిస్తుంది. మీ పుస్తకం అలా అనకపోతే వాడు తిప్పగలడు, అంతే. ఇది ఒప్పుకుంటే సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

ముందు ఏ పుస్తకమో ఖాయం చేసుకోండి

ఈ ఆట 1974లో పుట్టింది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఐదో ఎడిషన్. అందులో మళ్లీ రెండు రకాలు: 2014లో వచ్చిన పుస్తకాలు, 2024లో సవరించి వేసినవి. పేరు ఒకటే, బొమ్మలూ దాదాపు అలాంటివే, కాబట్టి ఒకే టేబుల్ మీద రెండూ కలిసిపోతాయి. ఒకరు 2014 ప్రకారం వైద్యం మందు తాగడానికి యాక్షన్ (ఒక టర్న్‌లో చేసే ముఖ్యమైన పని) మొత్తం కావాలంటారు. ఇంకొకరు 2024 ప్రకారం బోనస్ యాక్షన్ (అదనపు చిన్న పని) చాలంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, అందుకే ఆ వాదన ఎంతకీ తెగదు. పచ్చీసులో ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క ఉన్నట్టే ఇదీ. ఎవరింట్లో ఆడుతున్నామో ముందే తెలియాలి.

మొదటి రోజే గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి: మనం ఆడేది ఫలానా సంవత్సరం రూల్స్. పుస్తకాలు కొనడం అందరికీ అయ్యే పని కాదు, అవసరం కూడా లేదు. మూల నియమాల సంకలనం ఒకటి ఉంది, ఎస్‌ఆర్‌డీ అంటారు. 2014 రూల్స్‌కు సంబంధించినది 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతోంది. 2024 రూల్స్‌కు సరిపోయేది 2025లో వచ్చింది. ఫైటుకు కావలసిన రూల్స్ దాదాపు అన్నీ అందులో ఉంటాయి. అందరి ఫోన్లలో అదే ఫైలు ఉండేలా చూసుకోండి. వీడియోల్లో ఎవరో ఏదో అన్నారన్న సాక్ష్యాన్ని మాత్రం టేబుల్ మీదికి రానివ్వకండి.

ఒక్కొక్కరి ముందు ఒక గవ్వ పెట్టండి

ఫైటులో ఒక రౌండ్ అంటే ఆరు సెకన్లు. ఆ రౌండ్‌లో ప్రతి ఒక్కరికీ ఒక టర్న్. టర్న్‌లో మీకు నడక ఉంటుంది, ఒక యాక్షన్ ఉంటుంది. బోనస్ యాక్షన్ అందరికీ పుట్టుకతో వచ్చే హక్కు కాదు. మీ క్లాసో (మీ పాత్ర వృత్తి), మంత్రమో, ఆయుధమో, మందు తాగడంలాంటి మరో రూలో ఇస్తేనే ఉంటుంది. "నా బోనస్ యాక్షన్ మిగిలింది, ఏం చెయ్యాలె?" అని అడిగేవాళ్లకు చాలాసార్లు జవాబు ఏమీ లేదనే. వీటన్నిటి పైన ఒక రియాక్షన్, అంటే ఏదైనా జరిగినప్పుడు దానికి బదులుగా వెంటనే చేసే పని. అది వేరేవాళ్ల టర్న్‌లో కూడా వాడుకోవచ్చు, కానీ ఒకసారి వాడితే మళ్లీ మీ టర్న్ మొదలయ్యేదాకా రాదు. రౌండ్ మారినప్పుడు కాదు, మీ సొంత టర్న్ మొదలైనప్పుడు.

ఈ రియాక్షన్ లెక్కే అందరూ తప్పేది. దానికి నేను చెప్పే మందు గవ్వ. ఇంట్లో పచ్చీసు గవ్వలు ఉండే ఉంటాయి, ప్రతి ఆటగాడి ముందు ఒకటి నోరు పైకి పెట్టండి. రియాక్షన్ వాడగానే బోర్లా తిప్పాలి. తన టర్న్ రాగానే మళ్లీ వెల్లకిలా. డీఎం కూడా తన రాక్షసులకు అలాగే పెట్టుకోవాలి, లేకపోతే ఓగర్ ఒకే రౌండ్‌లో ముగ్గురిని రియాక్షన్‌తో కొట్టేస్తుంది, ఎవరూ గమనించరు. ఆర్మర్ క్లాస్‌ను (మీకు దెబ్బ తగలాలంటే శత్రువు రోల్ అందుకోవాల్సిన సంఖ్యను) 5 పెంచే షీల్డ్ మంత్రం కూడా రియాక్షనే కాబట్టి, పారిపోయేవాణ్ణి కర్రతో ఒకటి వేసిన మాంత్రికుడు ఆ తర్వాత బాణం వచ్చినప్పుడు షీల్డ్ వేసుకోలేడు. గవ్వ బోర్లా ఉంది కదా, వాదన అక్కర్లేదు.

రూల్‌ను నాలుగు ముక్కలు చేసి చదవండి

గొడవ వచ్చిన రూల్‌ను గట్టిగా పైకి చదవండి. ఒకరే చదవాలి, మిగతావాళ్లు వినాలి. చదివాక నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎప్పుడు జరుగుతుంది? దానికి షరతులేంటి? చేసేవాడికి ఖర్చేంటి? చివరికి వచ్చేదేంటి? ఆపర్చునిటీ అటాక్ (పక్కనుంచి జారుకునే శత్రువును రియాక్షన్‌తో కొట్టే దెబ్బ) మీద ఈ పద్ధతి వాడి చూద్దాం, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ గొడవలు దాని మీదే.

మన కోటనే మ్యాపుగా పెట్టుకుందాం. ఖిలా వరంగల్ చూసినవాళ్లకు తెలుసు, రాతికోట దర్వాజా నేరుగా లోపలికి వదలదు, గోడల మధ్య మలుపు తిప్పుతుంది. చార్టు మీద ఆ మలుపు గీయండి, గడికి ఐదు అడుగులు. మలుపులో మీ యోధురాలు కత్తి పట్టుకుని నిలబడింది. పక్క గడిలో ఒక బందిపోటు. ఆమె వెనక, పది అడుగుల దూరంలో, విల్లు పట్టుకున్న మీ జట్టు దొంగ.

బందిపోటు యోధురాలి చుట్టూ తిరిగి అటువైపు గడిలోకి వెళ్లాడు. ఆమెను ఆనుకునే ఉన్నాడు. "తిరిగిండు, కొడ్తా" అంటుంది ఆడేవాళ్లు ఎవరైనా. రూల్ ఏమంటుంది? కనిపిస్తున్న శత్రువు మీ అందుబాటు (మీ ఆయుధం అందే దూరం) దాటి బయటికి పోయినప్పుడు. వాడు కదిలాడు కానీ అందుబాటు దాటలేదు. దెబ్బ లేదు. దగ్గరికి వచ్చేవాడి మీద కూడా లేదు, ఎందుకంటే వాడు లోపలికి వస్తున్నాడు.

ఇప్పుడు వాడు దొంగ వైపు పరుగెత్తాడు. అందుబాటు దాటుతున్నాడు, కనిపిస్తున్నాడు, ఆమె గవ్వ ఇంకా వెల్లకిలానే ఉంది. దెబ్బ ఉంది. ఆ దెబ్బ వాడు దాటే క్షణానికి ముందు, ఇంకా పక్క గడిలో ఉండగానే పడుతుంది. కాబట్టి వాడు ఆ దెబ్బకు చస్తే ఆ గడిలోనే పడతాడు. వచ్చేది ఒక్క మెలీ అటాక్ (దగ్గరి దెబ్బ). ఆమెకు ఎక్స్‌ట్రా అటాక్ (ఒకే అటాక్ యాక్షన్‌లో ఇంకో దెబ్బ వేసే శక్తి) ఉన్నా రెండోది రాదు, ఎందుకంటే అది తన టర్న్‌లో అటాక్ యాక్షన్ తీసుకున్నప్పుడు మాత్రమే. విల్లు పట్టుకున్న దొంగ విషయానికొస్తే, వాడిని దాటుకుని బందిపోటు ముందుకు పోయినా బాణంతో ఆపర్చునిటీ అటాక్ చేయడం కుదరదు.

బందిపోటును ఎవరో మంత్రంతో వెనక్కి తోస్తే? వాడు తన కాళ్లతో కదల్లేదు, దెబ్బ లేదు. టెలిపోర్ట్ అయితే? లేదు. డిసెంగేజ్ (దెబ్బ పడకుండా తప్పుకునే) యాక్షన్ తీసుకుని నడిస్తే? లేదు, కానీ వాడి యాక్షన్ దానికే ఖర్చయింది. బందిపోటుకు బదులు గోబ్లిన్ ఉంటే? గోబ్లిన్‌కు డిసెంగేజ్ బోనస్ యాక్షన్‌గానే దొరుకుతుంది, అందుకే అది మిమ్మల్ని కొట్టి, నవ్వుతూ జారుకుంటుంది. "అది చీటింగ్" అని అరవకండి. సాధారణ నియమానికి, ప్రత్యేక నియమానికి పొత్తు కుదరనప్పుడు ప్రత్యేక నియమమే నెగ్గుతుందని పుస్తకమే చెప్పింది. అదే సూత్రం రేపు మీ క్యారెక్టర్‌కూ పనికొస్తుంది.

టర్న్ వేరు, రౌండ్ వేరు

ఈ రెండిటినీ కలిపేయడం వల్ల రోగ్ (దొంగ) క్లాస్ ఆడేవాళ్లకు చాలా అన్యాయం జరుగుతోంది. స్నీక్ అటాక్ (అదను చూసి కొట్టినప్పుడు కలిసే అదనపు డ్యామేజ్) టర్న్‌కు ఒకసారి. రౌండ్‌కు ఒకసారి అని ఎక్కడా లేదు. అంటే రోగ్ తన టర్న్‌లో ఒకసారి స్నీక్ అటాక్ చేసి, తర్వాత శత్రువు టర్న్‌లో వాడు పారిపోతుంటే చురకత్తితో ఆపర్చునిటీ అటాక్ వేస్తే, మళ్లీ స్నీక్ అటాక్ డ్యామేజ్ కలుపుకోవచ్చు. మామూలు షరతులు మాత్రం ఉండాలి: అడ్వాంటేజ్ (ఇదేంటో కింద చెప్తాను) అయినా ఉండాలి, లేదా శత్రువును ఆనుకుని స్పృహలో ఉన్న మీ మనిషి ఒకరైనా ఉండాలి, రోల్ మీద డిసడ్వాంటేజ్ ఉండకూడదు. కొత్త డీఎంలకు ఇది మింగుడుపడదు. కానీ రోగ్‌కు మిగతావాళ్లలా రెండు మూడు అటాక్‌లు లేవు, వాడి బతుకంతా ఆ ఒక్క దెబ్బ మీదే ఉంది. ఇవ్వండి.

రెడీ యాక్షన్ కూడా ఇక్కడే తడబడుతుంది. "ఎవడైనా ఆ మలుపు తిరిగి వస్తే బాణం వేస్తా" అని మీ టర్న్‌లో యాక్షన్ ఖర్చు పెట్టి కాచుకుంటారు. వాడు వచ్చాక రియాక్షన్ వాడి వేస్తారు. అంటే రెండూ ఖర్చే. బాణం వాడు మలుపు తిరిగాక పడుతుంది, తిరగకముందు కాదు. ఒక్క బాణమే, ఎక్స్‌ట్రా అటాక్ ఇక్కడా పనిచేయదు. మంత్రం రెడీ చేస్తే దాన్ని వదిలేదాకా కాన్సంట్రేషన్ (మంత్రం మీద నిలిపే ధ్యాస) పట్టుకుని ఉండాలి, శత్రువు రాకపోతే స్పెల్ స్లాట్ (మంత్రం వేయడానికి ఖర్చయ్యే వంతు) పోయినట్టే. నిజం చెప్పాలంటే రెడీ యాక్షన్ చాలా సందర్భాల్లో నష్టపు బేరం. ముందే ఈ సంగతి చెప్పేస్తే ఆటగాళ్లు దాన్ని అవసరానికే వాడతారు.

అడ్వాంటేజ్‌లను కూడకండి

అడ్వాంటేజ్ అంటే రెండు డీ20లు (ఇరవై ముఖాల డైస్) వేసి పెద్దది తీసుకోవడం, డిసడ్వాంటేజ్ అంటే చిన్నది. డైస్ మీద 11 లేదా పైన కావాలనుకోండి, మామూలుగా 50 శాతం అవకాశం. అడ్వాంటేజ్ ఉంటే 75, డిసడ్వాంటేజ్ ఉంటే 25. చిన్న తేడా కాదు, అందుకే అందరూ దీనికోసం కొట్లాడతారు.

రూల్ మాత్రం చాలా సులువు. ఎన్ని అడ్వాంటేజ్‌లు ఉన్నా ఒకటే లెక్క. రెండు వైపులా కనీసం ఒక్కోటి ఉంటే రెండూ రద్దు, ఒక్క డైస్ వేయండి. ఇటు మూడు, అటు ఒకటి ఉన్నా సరే రద్దే. "నాకు రెండు ఎక్కువున్నయ్ గదన్నా" అనే మాట చెల్లదు.

ఇందులోంచి కొన్ని వింతలు పుడతాయి. చిమ్మచీకట్లో ఇద్దరు కొట్టుకుంటున్నారు, ఎవరికీ ఎవరూ కనిపించరు. కనిపించనివాణ్ణి కొట్టడం డిసడ్వాంటేజ్. వాడికి మీరు కనిపించకపోవడం అడ్వాంటేజ్. రెండూ రద్దయి మామూలు రోల్ వస్తుంది. "చీకట్ల పట్టపగలు లెక్క కొడ్తున్నం" అని నవ్వుతారు. ఇంకో అడుగు ముందుకేద్దాం. లాంగ్‌బో 150 అడుగులు దాటితే డిసడ్వాంటేజ్, 600 వరకూ వేయొచ్చు. ఇద్దరూ దట్టమైన పొగమంచులో, 400 అడుగుల దూరంలో ఉంటే ఆ దూరపు డిసడ్వాంటేజ్ కూడా పై రద్దులో కొట్టుకుపోతుంది! రాసినదాని ప్రకారం అది నిజమే. ఇలాంటి చోట డీఎం రోల్ లెక్క మార్చే బదులు, శత్రువు ఎక్కడున్నాడో మీకు అసలు తెలుసా అని అడిగితే సరిపోతుంది. అంత దూరంలో, పొగమంచులో ఉన్నవాడి అడుగుల చప్పుడు వినపడదు కదా. గడి ఊహించి వేయమనండి, ఊహ తప్పితే బాణం పోయినట్టే. చీకటి వల్ల వేరే నష్టాలూ ఉన్నాయి. కనిపించే శత్రువు కావాలన్న మంత్రాలు పనిచేయవు, ఆపర్చునిటీ అటాక్ కూడా కుదరదు, ఎందుకంటే దానికి చూపు షరతు.

స్పృహ తప్పి పడిపోయినవాడి మీద దూరం నుంచి బాణం వేస్తే? స్పృహ లేనివాడి మీద అడ్వాంటేజ్. కానీ వాడు నేల మీద పడి ఉన్నాడు, ఐదు అడుగులు దాటి కొట్టేవాళ్లకు డిసడ్వాంటేజ్. మళ్లీ రద్దు. పక్కనే నిలబడి కొడితే మాత్రం అడ్వాంటేజ్, పైగా తగిలితే అది క్రిటికల్ హిట్ (డ్యామేజ్ డైస్ రెట్టింపయ్యే దెబ్బ). సున్నా హిట్ పాయింట్లతో (ప్రాణబలంతో) ఉన్న మీ మనిషికి అలాంటి ఒక్క దెబ్బ రెండు డెత్ సేవ్‌లు (ప్రాణం నిలుపుకోవడానికి వేసే రోల్స్) ఓడినట్టు. మూడు ఓడితే ప్రాణం పోతుంది. పడిపోయిన స్నేహితుడి పక్కన తోడేలు నిలబడి ఉంటే, ముందు తోడేలు సంగతి చూడండి.

పట్టుకోవడం, పడగొట్టడం

ఇక్కడే పుస్తకం సంవత్సరం బాగా తేడా చేస్తుంది. 2014 ప్రకారం గ్రాపుల్ చేయాలంటే, అంటే పట్టుకోవాలంటే, మీ అథ్లెటిక్స్ నైపుణ్యపు రోల్‌కు ఎదురుగా వాడు అథ్లెటిక్స్ లేదా ఆక్రోబాటిక్స్ వేస్తాడు. గెలిస్తే వాడి వేగం సున్నా. అంతే. వాడు మిమ్మల్ని కొట్టగలడు, మీ పక్కవాణ్ణి కొట్టగలడు, మంత్రం చదవగలడు. 2024లో పోటీ రోల్ తీసేశారు. వాడు స్ట్రెంత్ లేదా డెక్స్‌టెరిటీ సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే రోల్, పొట్టిగా సేవ్) వేస్తాడు, దాటాల్సిన సంఖ్య 8కి మీ స్ట్రెంత్ మాడిఫయర్, ప్రొఫిషియెన్సీ బోనస్ కలిపితే వచ్చేది. పట్టుబడ్డవాడు మిమ్మల్ని తప్ప ఇంకెవర్ని కొట్టబోయినా డిసడ్వాంటేజ్. రెండు పుస్తకాల్లోనూ మీకు ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. డాలు, కత్తి రెండూ పట్టుకుని "పట్టేసిన" అంటే, దేనితో పట్టావు నాయనా అని అడగాల్సిందే. సైజు కూడా చూడాలి, మీకంటే ఒక్క సైజు పెద్దదాన్ని వరకే.

పట్టుకోవడంతో పాటు పడగొడితే వచ్చే మజా వేరు. నేల మీద పడ్డవాడు లేవాలంటే తన వేగంలో సగం ఖర్చు పెట్టాలి. పట్టుబడ్డవాడి వేగం సున్నా. సున్నాలో సగం పెట్టి లేవలేడు. ఇక వాడు విడిపించుకునేదాకా కిందే ఉంటాడు, వాడు వేసే దెబ్బలకు డిసడ్వాంటేజ్, పక్కనున్నవాళ్లు వాణ్ణి కొట్టే దెబ్బలకు అడ్వాంటేజ్. విడిపించుకోవడానికి వాడి యాక్షన్ పోతుంది. రెండు రూల్స్‌ను ఉన్నవి ఉన్నట్టు చదివితే ఇలాంటి ఎత్తు దొరుకుతుంది, కొత్తగా ఏమీ కల్పించక్కర్లేదు. కాకపోతే మీ పార్టీలో విలుకాడు ఉంటే వాడు తిట్టుకుంటాడు, పడ్డవాడి మీద దూరపు బాణాలకు డిసడ్వాంటేజ్ కాబట్టి.

బాణాల మాట వచ్చింది కాబట్టి ఒకటి. మీకూ శత్రువుకూ మధ్యలో మీ మనిషే అడ్డం ఉంటే శత్రువుకు హాఫ్ కవర్, ఆర్మర్ క్లాస్‌కు 2 కలుస్తుంది. ఆ కోట మలుపు గోడ చాటు నుంచి కొంచెమే కనిపిస్తుంటే 5. పూర్తిగా గోడ వెనకుంటే అసలు గురిపెట్టలేరు. దీన్ని చాలా టేబుళ్ల దగ్గర ఎవరూ లెక్కలోకే తీసుకోరు.

మరికొన్ని చిల్లర తగాదాలు

సర్‌ప్రైజ్ రౌండ్ అనేది ఐదో ఎడిషన్‌లో లేదు. 2014లో అందరూ ఇనిషియేటివ్ వేస్తారు, ఉలిక్కిపడ్డవాళ్లు తమ మొదటి టర్న్‌లో కదలరు, ఏమీ చేయరు, ఆ టర్న్ ముగిసేదాకా రియాక్షన్ కూడా లేదు. 2024లో ఇనిషియేటివ్ రోల్‌కు డిసడ్వాంటేజ్, అంతే.

కాన్సంట్రేషన్ నిలబెట్టుకోవడానికి దాటాల్సింది 10 లేదా తగిలిన డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. 7 తగిలితే 10, 30 తగిలితే 15. రెండు బాణాలు తగిలితే రెండు సేవ్‌లు, కలిపి ఒకటి కాదు.

క్రిటికల్‌లో రెట్టింపయ్యేది డైస్ మాత్రమే. ఒక డీ8కి 3 కలిపే కత్తి అయితే రెండు డీ8లకు 3. ఆ మూడు ఆరు కాదు.

పుస్తకం ఏమీ చెప్పనప్పుడు

మన వాళ్లతో ఆడితే ఒకరోజు ఈ ప్రశ్న తప్పదు: "అన్నా, ఆడి కండ్లల్ల కారం కొట్టొచ్చా?" పుస్తకంలో కారంపొడి లేదు. వద్దనేయడం సులువే కానీ అది ఆటను చంపేస్తుంది. సరే, వాడికి గుడ్డితనం అనేయడమూ తప్పే, రేపటినుంచి ప్రతి ఒక్కరూ మూటలు కట్టుకుని వస్తారు.

ఇలా ఆలోచించండి. ఈ పనికి దగ్గరగా పుస్తకంలో ఏముంది? బ్లైండ్‌నెస్/డెఫ్‌నెస్ అని రెండో స్థాయి మంత్రం ఉంది, కాన్‌స్టిట్యూషన్ సేవ్ ఓడితే నిమిషం దాకా చూపు పోవచ్చు, మధ్యలో ప్రతి టర్న్ చివర మళ్లీ సేవ్. స్పెల్ స్లాట్ ఖర్చు పెట్టి వచ్చే ఫలితం అది. గుప్పెడు కారం దానికంటే బలహీనంగా ఉండాలి. అయితే నా తీర్పు ఇదీ: పూర్తి యాక్షన్ ఖర్చు, ఐదు అడుగుల లోపు ఉండాలి, వాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేస్తాడు, దాటాల్సింది 10. ఓడితే వాడి తర్వాతి టర్న్ చివరిదాకా బ్లైండెడ్, అంటే వాడి దెబ్బలకు డిసడ్వాంటేజ్, వాడి మీద దెబ్బలకు అడ్వాంటేజ్. గెలిస్తే తుమ్ముకుని ఊరుకుంటాడు. అస్థిపంజరానికి కళ్లే లేవు కాబట్టి ఏమీ కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి చపాటా మిర్చి తెచ్చి కొట్టానంటే సేవ్ ఇంకా తేలిక చేయండి, దానికి రంగే ఎక్కువ, మంట తక్కువ.

తీర్పు చెప్పే ముందు ఇంకో మాట అడగండి: ఇదే పని గోబ్లిన్ నీకు చేస్తే ఒప్పుకుంటావా? ఒప్పుకుంటే రూల్ ఖాయం. చాలాసార్లు ఆటగాడే తగ్గించి అడుగుతాడు.

కష్టం ఎంతో తెలియని పనులకు పుస్తకం ఇచ్చిన కొలతలే వాడండి: సులువైతే 10, మధ్యస్థం 15, కష్టం 20. బండరాళ్ల మీది నుంచి దూకి రాక్షసుడి వీపు ఎక్కడం 15 అని చెప్పి వెంటనే డైస్ వేయించండి. ఆలోచించేకొద్దీ వేడి చల్లారిపోతుంది.

నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి

వాదనకు ఒక్క నిమిషం. ఆ రూల్ ఎవరి క్యారెక్టర్‌ను తాకుతుందో వాళ్లు ఒకసారి చెప్పుకుంటారు, డీఎం వింటాడు, రూల్ వెంటనే దొరికితే చదువుతాడు, దొరకకపోతే అప్పటికి ఒక తీర్పు చెప్పి ఆట నడిపిస్తాడు. సందేహం సమంగా ఉంటే ఆటగాడి వైపే మొగ్గండి. తీర్పును చిన్న నోట్‌బుక్‌లో రాయండి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. అయ్యాక చాయ్ తాగుతూనో, ఇంటికి పోయాకో తీరిగ్గా ఎస్‌ఆర్‌డీ చూసి, వచ్చే ఆదివారం లోపు గ్రూపులో పెట్టండి: ఇకనుంచి ఇలా ఆడదాం అని.

తీర్పు తప్పని తేలితే పాత ఫైటును వెనక్కి తిప్పకండి, కొత్త లెక్క వచ్చే ఆటనుంచి. ఒక్క మినహాయింపు ఉంది. ఆ తప్పు తీర్పు వల్లే ఎవరి క్యారెక్టరైనా చచ్చిపోయి ఉంటే, ముందు ఆ ఆటగాడికి ఫోన్ చేసి మాట్లాడండి. బతికించమంటే బతికించండి, కథలో దానికి ఒక దారి మీరే వెతకాలి. కొత్త క్యారెక్టర్ షీటు అప్పటికే సగం నింపేశానంటే అదీ మంచిదే.